‘ఈ పూటకి మాత్ర ఆపేద్దాంలే’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఈ పూటకి మాత్ర ఆపేద్దాంలే’ గారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని రాయాలి గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. పెళ్లి రిసెప్షనైనా, ఆదివారం మటనైనా గ్లాసులకన్నా ముందు మీరే హాజరు. రాత్రి మాత్ర ఆపితే చాలు, తాగిన మద్యం ఏ మందుతోనూ కలవదని మీ సిద్ధాంతం. బాగానే ఉంది. మరి పొద్దున మింగిందాన్ని ఎక్కడ దాస్తారు? షుగర్‌కి వాడే గ్లిమెపిరైడ్ దాదాపు రోజంతా పనిచేస్తుంది. బీపీకి వాడే అమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 గంటలు పైన పడుతుంది. ఇన్ఫెక్షన్లకి వాడే మెట్రోనిడజోల్ అయితే కోర్సు పూర్తయ్యాక కూడా రెండు మూడు రోజులు మద్యం ముట్టొద్దంటారు. ఫిట్స్ మాత్ర ఆపించడం మీ ఘనకార్యాల్లోకెల్లా పెద్దది: మాత్ర లేదు, పైన మద్యం, ఇక ఫిట్స్ రావడానికి వేరే ముహూర్తం దేనికి?

విస్కీ, బ్రాందీ క్వార్టర్ అంటే 180 మి.లీ. అందులో ఘనపరిమాణం లెక్కన 42.8 శాతం, అంటే సుమారు 60 గ్రాముల ఆల్కహాల్. లివర్ గంటకి ఏడెనిమిది గ్రాములే కరిగిస్తుంది. రాత్రి పదింటికి ముగిసిన క్వార్టర్ తెల్లారి కాఫీ వేళకీ కొంత మిగిలి ఉండొచ్చు. సోడా ఎంత పోసినా ఈ లెక్క మారదు.

మీ అసలు ప్రతిభ షుగర్ ఉన్నవాళ్ల దగ్గర చూడాలి. మామూలుగా రాత్రిళ్లు రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది లివరే. ఆల్కహాల్ వచ్చి కూర్చుంటే ఆ పని కుంటుపడుతుంది. పైగా ‘తింటే దిగిపోతుంది’ అని అన్నం కూడా మానిపిస్తారు మీరు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకి షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబాటు మొదలవుతాయి. పక్కవాళ్లేమో ‘ఎక్కింది, పడుకోనీ’ అంటారు! షుగర్ మీటర్‌లో 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. షుగర్ పడిపోవడం మర్నాడు పొద్దున కూడా జరగొచ్చు, కాబట్టి తిని, షుగర్ చూసుకునే పడుకోవాలి.

మద్యం నిద్రమాత్ర అల్ప్రజోలమ్‌తో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. (కల్తీ కల్లులో కలిపేది కూడా అదేనని తెలంగాణ ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. అక్కడ మాత్ర ఆపే అవకాశం కూడా మీకు లేదు పాపం.) మర్నాటి తలనొప్పికి నొప్పిమాత్ర డైక్లోఫెనాక్ వేస్తే కడుపులో రక్తస్రావం భయం. రోజూ తాగేవాళ్లకి పారాసెటమాల్ కూడా రోజుకి 2 గ్రాములు దాటకూడదు, అంటే 650 మి.గ్రా. మాత్రలు మూడే.

ఒక్క మనవి. డాక్టరు అడిగినప్పుడు ‘అప్పుడప్పుడూ అండీ’ అనిపించకండి. ఎన్ని మి.లీ., వారానికి ఎన్ని రోజులు, ఆఖరుసారి ఎప్పుడు అన్నది చెప్పనివ్వండి. ఆపరేషన్ ముందైతే మరీను: రోజూ తాగేవాళ్లు ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లో వణుకు, రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ముందే తెలిస్తే దానికీ మాత్రలున్నాయి. వాటిని మాత్రం ఆపించకండి.

ఇట్లు,
మెడికల్ షాపు కౌంటర్ వెనకాల మనిషి