మా పల్లెటూరిని పాడుచేయకండి, ప్లీజ్

హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ పక్కన ఫామ్ ప్లాట్ కొన్న బాధ్యతగల పౌరుడిగా ప్రభుత్వానికి నాదో విన్నపం. నేను కొనేశాను కాబట్టి ఇక ఎవరూ కొనకుండా చూడాలి. పల్లె వాతావరణం పాడైపోతోంది.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, దాంతోపాటు హిమాయత్‌సాగర్ చెరువులు కలుషితం కాకూడదని 1996లో ట్రిపుల్ వన్ (111) జీవో తెచ్చారు. 84 ఊళ్లు, దాదాపు లక్షా 32 వేల ఎకరాలు, పెద్ద కట్టడాలకు బ్రేక్. ఎంత గొప్ప జీవో! దాని పుణ్యాన రేట్లు పెరగకుండా ఉండబట్టే కదా నాలాంటి ప్రకృతి ప్రేమికుడు కొనగలిగాడు. తీరా 2022లో 69 జీవోతో ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. మరుసటేడు పక్కనే కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సగం పర్యావరణం మీద బెంగ, సగం లెక్కలు.

ఊళ్లోవాళ్లకేమో ఊరి విలువ తెలీదు. కొడుకు పెళ్లికి పెంకుటిల్లు పీకి రెండంతస్తులు వేస్తానంటాడొకాయన. మరి నా బాల్కనీలోంచి చూస్తే సిమెంటు గోడ కనబడదూ? నాదీ బిల్డింగే కదా అని ఎదురడుగుతాడు. కాదయ్యా, నాది పనిముట్లు పెట్టుకునే షెడ్డు. పారకు చెమటపట్టి తుప్పెక్కుతుందని ఏసీ పెట్టించాను, అంతే. వెనకాల నీలం టైల్స్ వేసింది వ్యవసాయ కుంట.

పల్లెతనం కాపాడటమంటే మా వెంచర్‌ని చూసి నేర్చుకోవాలి. గేటు దగ్గర ఫైబర్ ఎడ్లబండి ఉంది. ఒక ఎద్దు చెవి విరిగితే ఫెవిక్విక్‌తో అతికించారు, కాస్త తలకిందులుగా. మోకాలు లోతు బావి, అందులో రాత్రిపూట రంగుల లైటు. రచ్చబండ కూడా ఉంది, యాప్‌లో బుక్ చేసుకుంటే గంటసేపు కూర్చోనిస్తారు. నిజం ఆవులతోనే చిక్కు, రోడ్డంతా పేడ వేస్తాయి. వాటిని తోలుకెళ్లే పెద్దాయన్ని మా సెక్యూరిటీవాళ్లు వెనక ప్రహరీ చుట్టూ తిరిగి పొమ్మన్నారు. పాలు మాత్రం ఆయన దగ్గరే పోయించుకుంటాం, దేశీ ఆవుల ఏ2 పాలు కదా.

ఈ చెరువుల నీళ్లు సిటీకి ఇప్పుడు పెద్దగా అక్కర్లేదని, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయని అప్పటి సర్కారు వాదన. సంపాదన ఆగిన తాత మంచాన్ని వసారాలోకి మార్చినట్టుంది. నేనైతే ఒప్పుకోను. లేక్ వ్యూ అన్న రెండు మాటలకు గజానికి ఎంత ఎక్స్‌ట్రా కట్టానో నాకు తెలుసు. కొత్తగా వచ్చేవాళ్ల మురుగు ఆ చెరువుల్లో కలిస్తే ఊరుకునేది లేదు. మాదా? మాకు సెప్టిక్ ట్యాంక్ ఉంది. అది నిండితే ఎటు పోతుందని బిల్డర్ని అడిగితే "కిందికి సార్" అన్నాడు. కింద గండిపేటే ఉందనుకోండి, అయినా అందరిదీ ఒకెత్తు, మాదొకెత్తు.

అన్నట్టు రోడ్డు సంగతి. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల వైపు ఆ మర్రిచెట్ల నీడలో వస్తుంటే ప్రాణం లేచొస్తుంది. వాటిని కొట్టొద్దని పిటిషన్ మీద నేనూ సంతకం పెట్టాను. కానీ శనివారం ట్రాఫిక్‌తో ఒకటే టెన్షన్, చికెన్ మ్యారినేట్ అయిపోయి ఎదురుచూస్తుంటుంది. కాబట్టి మా గేటు దాకా నాలుగు లైన్లు వేయించి, గేటు నుంచి ఊళ్లోకి మాత్రం మట్టిరోడ్డే ఉంచాలని మనవి. ఫొటోల్లో బాగా వస్తుంది.