సవరణ: అమెరికా ఆసుపత్రులు, లాభాలు

అమెరికా వైద్యం మీద మొన్నటి పోస్టులో "అక్కడి ఆసుపత్రులన్నీ లాభాల కంపెనీలే, అందుకే జనం నమ్మరు" అని ఉంది. దాన్ని ఇలా మార్చాను: అక్కడి సాధారణ ఆసుపత్రుల్లో సగానికి పైగా లాభాపేక్ష లేని సంస్థలుగా నమోదైనవే. హెచ్‌సీఏ లాంటి, షేర్ మార్కెట్‌లో ఉన్న ఆసుపత్రుల కంపెనీల చేతిలో ఉన్నవి అంతకంటే తక్కువ.

అలాగని అపనమ్మకానికి కారణం లేదనుకోకండి. పన్ను మినహాయింపు పొందుతూనే బాకీల కోసం రోగుల్ని కోర్టుకు లాగిన ఆసుపత్రులు ఈ లాభాపేక్ష లేనివాటిలోనూ ఉన్నాయి. సత్రం అని బోర్డు పెట్టి గది అద్దె గుంజినట్టే కదా! 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్ ప్రకారం ఇవి బిల్లు కట్టలేనివాళ్లకు సాయం చేసే విధానాన్ని రాసి పెట్టాలి. అడిగితే దరఖాస్తు ఇస్తారు. అడగాలని తెలిసినవాళ్లెందరు?

"బీమా కంపెనీ ఎంతైనా మిగుల్చుకోవచ్చు" అన్న మాట తీసేశాను. అదే చట్టం కింద ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద సంస్థల ఉద్యోగుల ప్లాన్లలో అయితే 85 శాతం, వైద్యానికీ దాని నాణ్యతకీ ఖర్చుపెట్టాలి. తగ్గితే తేడా వాపసు ఇవ్వాలి. కాకపోతే ఇది శాతం లెక్క. వైద్యం ఖరీదైతే ప్రీమియం పెరుగుతుంది, దానితో మిగిలే 20 శాతమూ పెరుగుతుంది. జనం కోపం ఎక్కువగా క్లెయిముల తిరస్కరణ మీద, వైద్యానికి ముందే బీమా కంపెనీ నుంచి తీసుకోవాల్సిన అనుమతుల మీద. పోస్టులో దాని గురించిన భాగం మార్చలేదు.

అమెరికా చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లకు ఒక మాట: పాత జబ్బులకు ఆ పాలసీలు సాధారణంగా వర్తించవు.