పదునంతా స్పోర్ట్‌కే వదిలేయండి

స్టేజ్ వన్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచే ట్యూన్) చేయించిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారులో నార్మల్, స్పోర్ట్ లాంటి అన్ని డ్రైవింగ్ మోడ్‌లకూ థ్రాటిల్ పదునుగా, అంటే యాక్సిలరేటర్ పెడల్ కొంచెం నొక్కగానే బండి ఉరికేలా, పెట్టించుకోమని ఒకరు రాశారు. నేనైతే ఒప్పుకోను. ఈ కార్లలో పెడల్‌కీ థ్రాటిల్‌కీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) మధ్య కేబుల్ ఉండదు. ఎంత నొక్కితే ఇంజిన్‌ని ఎంత టార్క్ (తిప్పే బలం) అడగాలో ఈసీయూలోని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లోని, మ్యాప్ చెబుతుంది. స్పోర్ట్‌లో కొంచెం నొక్కినా ఎక్కువ నొక్కినట్టు లెక్క, అంతే. ట్యూన్‌తో టార్క్ ఎలాగూ పెరిగింది కాబట్టి నార్మల్‌లో పెడల్ మొదటి భాగాన్ని కాస్త మెత్తగా చేయించాలి. లేకపోతే పంజాగుట్ట ట్రాఫిక్‌లో కాలు ఆనించగానే ముందు బండి బంపర్ మీదికి ఉరుకుతుంది. వానలో ముందు చక్రాలు ఊరికే తిరిగిపోవడం ఇంకో గోల! అన్నట్టు, పెడల్ బాక్స్‌తో (పెడల్ వైరుకి తగిలించే చిన్న పరికరం) పవర్ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది పెడల్ సిగ్నల్‌ని మారుస్తుంది, ఇంజిన్‌ని ముట్టుకోదు.