సూది చేతికిచ్చేది నర్సేనా?

మత్తుమందు మానలేని మనిషికి శుభ్రమైన సిరంజి, మోతాదు మించి ఊపిరి ఆగబోతుంటే తిప్పికొట్టే నలోక్సోన్, హెరాయిన్‌కి బదులుగా ఇచ్చే మెథడోన్ లాంటివి అందించి ముందు ప్రాణం నిలబెట్టడాన్ని హాని తగ్గింపు అంటున్నారు. ఇది నర్సు పనేనా, దీని మీద జరిగే పరిశోధన అసలు ఎవరికి ఉపయోగపడుతోంది అన్నదే ఈ వాదన. పద్మ ఏళ్ల తరబడి మెడికల్ వార్డు చూసిన సీనియర్ నర్సు. సింధు కూడా నర్సే, ఇప్పుడు పరిశోధన చేస్తోంది. నా మొగ్గు సింధు వైపే, కానీ పద్మ ప్రశ్నలు దాటవేయదగ్గవి కావు.

పద్మ: సూటిగా అడుగుతున్నా సింధూ. లివర్ పాడైన తాగుబోతు వస్తే మనం గ్లాసు కడిగి చేతికిస్తామా? ఇవ్వం కదా. మరి వీళ్లకి సూది ఎందుకివ్వాలి?

సింధు: గ్లాసు కూడా ఇస్తున్నారక్కా. కెనడాలో నిలువ నీడ లేని తాగుబోతులకి గంటకింత అని కొలిచి వైన్ పోసే కేంద్రాలున్నాయి. పోయకపోతే మౌత్‌వాష్ తాగేస్తారు కాబట్టి. ఒట్టావాలో చేసిన దాని ఫలితాలు 2006లో కెనడా మెడికల్ జర్నల్‌లో వచ్చాయి, ఎమర్జెన్సీకి రావడం, పోలీసులకి చిక్కడం రెండూ బాగా తగ్గాయి.

పద్మ: ఎంతమంది మీద చేశారు?

సింధు: 17 మంది.

పద్మ: 17 మందిని చూసి లోకమంతా మారాలంటావు!

సింధు: సరే, పెద్దదే తీసుకోండి. కెనడాలోనే వాంకూవర్‌లో 2003లో ఇన్‌సైట్ అని ఒక కేంద్రం తెరిచారు. వచ్చినవాడు తన మత్తు సరుకు తానే తెచ్చుకుంటాడు, నర్సు శుభ్రమైన సూది ఇచ్చి గమనిస్తూ ఉంటుంది, ఊపిరి మందగిస్తే ఆక్సిజన్ పెడుతుంది, అవసరమైతే నలోక్సోన్ ఇస్తుంది. ఆ కేంద్రం చుట్టూ 500 మీటర్ల లోపల ఓవర్‌డోస్ చావులు 35 శాతం తగ్గాయని, నగరంలో మిగతా చోట్ల 9 శాతమే తగ్గాయని 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అదే ఏడాది కెనడా సుప్రీంకోర్టు కూడా దాన్ని నడవనివ్వాల్సిందేనని ఏకగ్రీవంగా చెప్పింది.

పద్మ: అంత బాగుంటే ఆ వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియాలోనే 2016లో ఓవర్‌డోస్ చావుల కోసం ప్రజారోగ్య ఎమర్జెన్సీ ఎందుకు ప్రకటించారు? 2023లో కొద్దిపాటి సరుకు దగ్గరుంటే నేరం కాదన్నారు, మరుసటేడే బహిరంగ ప్రదేశాల్లో మళ్లీ నేరమే అన్నారు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం కూడా 2020లో ఓటేసి తెచ్చుకున్న అలాంటి చట్టాన్నే 2024లో వెనక్కి తీసుకుంది. నువ్వు మాత్రం మొదట్లో బాగున్నరోజుల అంకెలే చెబుతావు.

సింధు: మధ్యలో హెరాయిన్‌ని మించిన ఫెంటనిల్ అనే మత్తుమందు వచ్చి బజారులో దొరికే సరుకే మారిపోయిందక్కా. పైగా నేరం అవునా కాదా అన్నది చట్టం సంగతి, సూది ఇవ్వడం ఆరోగ్యం సంగతి, మీరు రెండూ కలిపేస్తున్నారు. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో స్కాట్ కౌంటీ ఉంది. 2015లో ఆస్టిన్ అనే నాలుగు వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న ఊళ్లో సూదులు చేతులు మారి, చివరికి రెండు వందల మందికి పైగా హెచ్ఐవీ తేలింది. సూదుల పంపిణీ అంటే గిట్టని గవర్నర్ మైక్ పెన్సే దానికి ఎమర్జెన్సీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. కేసులు తగ్గాయి. తగ్గాక 2021లో కౌంటీవాళ్లు ఇక చాలు ఆపేద్దామని ఓటేశారు!

పద్మ: హెచ్ఐవీ తగ్గింది సరే. మత్తు మానినవాళ్లెంతమంది?

సింధు: సూదుల కోసం కొత్తగా వచ్చేవాళ్లు చికిత్సలో చేరే అవకాశం, రానివాళ్లకంటే ఐదు రెట్లు ఎక్కువని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

పద్మ: మానాలన్న ఆలోచన ఉన్నవాడే అక్కడికి వస్తాడేమో.

సింధు: అయ్యుండొచ్చు, కాదనను. ఆ వచ్చేవాడికి ఒక చోటంటూ ఉండాలిగా. అదలా ఉంచి మీ వార్డు సంగతే మాట్లాడదాం. సూదుల వల్ల గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ వచ్చినవాడికి ఆరు వారాలు ఐవీ యాంటీబయాటిక్ ఇవ్వాలి. రెండో రోజుకే లామా మీద, అంటే డాక్టర్ వద్దన్నా వెళ్తున్నానన్న కాగితం మీద, సంతకం పెట్టి వెళ్లిపోతాడు. కేస్ షీట్‌లో 'సహకరించలేదు' అని రాస్తాం. ఎందుకు వెళ్లాడో ఎవరు రాస్తున్నారు?

పద్మ: ఎందుకేముంది, మందు కోసం.

సింధు: హెరాయిన్ ఆగిన ఎనిమిది, పన్నెండు గంటలకే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా గగుర్పాటు, కాళ్లు లాగడం, ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. అది చూసి మనవాళ్లు నాటకం అంటారు. ఈ విత్‌డ్రాయల్‌ని, అంటే మత్తు ఆగినప్పటి బాధని, లెక్కగట్టే స్కోరింగ్ చార్ట్ ఉంది, మెథడోన్ ఉంది, అయినా బెడ్ దగ్గరికి అవి రావు. నర్సింగ్ పరిశోధనలో పదే పదే బయటపడేది ఇదే. నొప్పి అంటే నమ్మలేదు, బ్యాగు వెతికారు, నాతో మాట్లాడే తీరే వేరు అని పేషెంట్లు చెబుతారు. అందుకే తర్వాతిసారి కాలికి చీము పట్టి నల్లబడేదాకా రారు. ఆరోగ్యంలో అసమానత అంటే డబ్బు లేకపోవడం ఒక్కటే కాదక్కా, వెళ్లినా మనిషిగా చూడరని ముందే తెలిసిపోవడం కూడా.

పద్మ: చెప్పడం తేలికే. ఒంట్లో హెరాయిన్ ఉండగా తొందరపడి మెథడోన్‌లాగే వాడే బుప్రెనార్ఫిన్ ఇస్తే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మెథడోన్ ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది. రాత్రి డ్యూటీలో బాత్రూం గడియ పగలగొట్టి ఒకణ్ణి బయటికి లాగాం, పెదాలు నీలం తిరిగాయి, సిరంజి ఇంకా చేతికే ఉంది. నలోక్సోన్ ఇస్తే లేచి నన్ను బూతులు తిట్టాడు. గంట తిరక్కుండా మళ్లీ మగత. నలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలేగా! వాడి పక్కన కూర్చుంది నేను, అవతల నా కోసం బెల్లు కొడుతున్నది మిగతా వార్డు. ఆ టెన్షన్ మీ పేపర్లలో ఏ టేబుల్‌లో వస్తుంది?

సింధు: రాదు. రావాలనే...

పద్మ: ఆగు, ఇంకోటుంది. ఆ వాంకూవర్‌లోనే మత్తుమందు వాడకం ఎక్కువగా ఉన్న డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే పేట వాళ్లు 2019లో 'రీసెర్చ్ 101' అని తమ సొంత మానిఫెస్టో రాసుకున్నారు. వచ్చి కష్టాలు రాసుకుపోయి డిగ్రీలు తెచ్చుకునేవాళ్లతో విసిగిపోయే కదా?

సింధు: పరిశోధనే వద్దనలేదక్కా, మా షరతుల మీద చేయండన్నారు. వాళ్లిచ్చే సమయానికి విలువ కట్టాలి, ఏం అడగాలన్నదాంట్లో వాళ్ల మాటుండాలి, తేలినదేంటో వాళ్లకి తిరిగొచ్చి చెప్పాలి. అసలు ఆమ్‌స్టర్‌డామ్‌లో 1984లో వాడిన సూది తీసుకుని కొత్తది ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది మత్తుమందు వాడేవాళ్ల సంఘమే, ఏ నర్సింగ్ కాలేజీ కాదు. వాళ్లనుంచి నేర్చుకోవాల్సింది మనం.

పద్మ: అయితే వాళ్లని అడిగాక నన్నూ అడుగు. రాత్రిపూట ఒక్కో నర్సుకి ఎంతమంది పేషెంట్లు, విత్‌డ్రాయల్‌కి ఆర్డర్ రాయాల్సిన డాక్టర్ ఫోన్ ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది, ఇవి నీ ఫారంలో ఉన్నాయా?

సింధు: మొదటిది ఉంది. రెండోది లేదు.

పద్మ: చేర్చు. లామా సంతకం పెట్టిన టైం పక్కన ఆ ఫోన్ చేసిన టైం కూడా రాయించు. మందు కోసం వెళ్లాడా, మనం ఇవ్వాల్సిన మందు ఇవ్వక వెళ్లాడా అన్నది అప్పుడు తేలుతుంది. సూదుల సంగతంటావా, దాంట్లో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.