డాక్టర్ ఫోన్‌కి మన మందుల పేర్లు తెలియాలి

నెల్లూరు నుంచో గూడూరు నుంచో వైద్యానికి వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్ల చేతిలో రెండు ఉంటాయి: పాత రిపోర్టుల ఫైలు, మందుల క్యారీబ్యాగు. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే ఆ సంచి బల్ల మీద బోర్లిస్తారు. అందులో చాలా స్ట్రిప్పులు కత్తిరించినవే. పది మాత్రల స్ట్రిప్పులోంచి నాలుగు అడిగితే మెడికల్ షాపులో కత్తెరతో కోసి ఇస్తారు. పేరు ఒక ముక్కతో పోతుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కతో పోతుంది. రేకు మీద మిగిలేది ‘...జోల్ 500’ అన్న తోక. పైగా అది ఊళ్లో దొరికే బ్రాండు, చెన్నై డాక్టర్ పేరు కూడా వినని కంపెనీది.

అలాంటప్పుడు డాక్టర్ ఫోన్ తీసి చూడాలి. రోగి కళ్ల ముందే చూడాలి. ఆ ఫోన్‌లో మన దేశంలో అమ్మే మందుల జాబితా ఉండాలి, దాన్ని తయారుచేసి ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఈ వ్యాసం చెప్పేది ఇంతే.

చేతిలో పట్టే మందుల పుస్తకం కొత్త సంగతేమీ కాదు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు, పామ్ పైలట్ల రోజుల్లోనే అమెరికాలో ఎపోక్రటీస్ అనే మందుల ప్రోగ్రాం వచ్చింది. పరికరాన్ని కంప్యూటర్‌కి తగిలించి సింక్ చేస్తే కొత్త సమాచారం చేరేది. మన దగ్గర సిమ్స్, మిమ్స్ అనే మందుల జాబితా పుస్తకాలు డాక్టర్ల బల్లల మీద ఉండేవి. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోకే వచ్చాయి. అవసరం ఉందా లేదా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. జ్ఞాపకం చేయలేని పని ఫోన్ ఎక్కడ చేస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది అన్నదే ఇప్పటి ప్రశ్న.

కిడ్నీ లెక్క తీసుకోండి. 72 ఏళ్ల పెద్దావిడ, బరువు 45 కిలోలు, కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో 1.4. కాస్త ఎక్కువే, పర్లేదులే అనిపించే అంకె. కిడ్నీల వడపోతను అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వేయండి. 140లోంచి వయసు తీసేస్తే 68. దాన్ని 45తో గుణిస్తే 3060. సూత్రంలో ఎప్పుడూ ఉండే 72ని (ఇది వయసు కాదు) 1.4తో గుణించి వచ్చిన 100.8తో భాగిస్తే 30.4. స్త్రీ కాబట్టి 0.85తో గుణించాలి. వచ్చేది సుమారు 26. అంటే ఆవిడ కిడ్నీలు నిమిషానికి 26 మిల్లీలీటర్లే వడపోస్తున్నాయి. కాలి సిరలో గడ్డకట్టిన రక్తానికి, రక్తాన్ని పలుచన చేసే ఇంజెక్షన్ ఎనాక్సాపారిన్ ఇవ్వాలంటే మామూలుగా కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకి రెండుసార్లు. వడపోత 30 కంటే తగ్గితే రోజుకి ఒక్కసారే. రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టర్ ఈ లెక్క నోటితో వేయలేడు, ఫోన్ పది సెకన్లలో వేస్తుంది.

కానీ బరువు నిజంగా తూచి ఉండాలి. స్ట్రెచర్ మీదున్న మనిషిని తూచడం కష్టమని 60 కిలోలని అందాజుగా కొడితే అదే సూత్రం 34 చూపిస్తుంది. 30 దాటింది కాబట్టి డోసు 60 మిల్లీగ్రాములు, రెండు పూటలా. రోజుకి 45 పడాల్సిన మనిషికి 120 పడుతుంది. యాప్ తప్పేమీ చేయలేదు. దానికి ఇచ్చిన అంకె తప్పు.

పిల్లల మందుల దగ్గర తప్పు ఇంకో దారిలో వస్తుంది. జ్వరానికి పారాసెటమాల్ డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకి ఒకసారికి 150. అంతవరకు ఏ దేశపు యాప్ అయినా ఒకటే. మిల్లీలీటర్లలోకి దిగితేనే చిక్కు. అమెరికాలో పిల్లల ద్రవరూప మందు 5 మిల్లీలీటర్లలో 160 మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది, అక్కడి పట్టిక సుమారు 4.7 మిల్లీలీటర్లు పట్టమంటుంది. మన షాపుల్లో 5 మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉన్న చుక్కల మందూ ఉంది. ఆ 4.7ని 250 సిరప్‌తో పడితే పాపకి 235 మిల్లీగ్రాములు వెళ్తాయి. చుక్కల మందుతో పడితే 470, కావాల్సినదానికి మూడింతలకు పైనే. సీసా తిప్పి లేబుల్ మీద మిల్లీలీటరుకి ఎంతో చదవనిదే ఏ యాప్‌లోని మిల్లీలీటర్ల అంకెనూ చీటీ మీదికి ఎక్కించకూడదు. మిల్లీగ్రాములు యాప్ నుంచి, మిల్లీలీటర్లు చేతిలో ఉన్న సీసా నుంచి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది రక్తం పలుచబడే మందు సంగతి. గుండెలో లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లు జీవితాంతం ఆ మాత్ర మింగాలి. మన దేశంలో చాలామందికి రాసేది అసినోకౌమరాల్, పాత పేరు నికౌమలోన్. చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని ఊరికి వెళ్లిన మనిషికి విరేచనాలు పట్టుకుంటాయి. షాపులో అడిగితే ‘ఓజెడ్’ మాత్రలు ఇస్తారు. అంటే ఓఫ్లాక్సాసిన్ 200, ఆర్నిడజోల్ 500 కలిపిన బిళ్ల. ఆర్నిడజోల్ ఒంట్లో ఆ పలుచన మందు పనిని పెంచుతుంది. రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకె మూడు దగ్గర ఉండాల్సింది పైకి ఎగబాకుతుంది. చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో రక్తం, మరీ పెరిగితే తలలో రక్తస్రావం.

ఈ రెండు పేర్లూ అమెరికా మార్కెట్‌నే నమ్ముకున్న యాప్‌లో కొట్టి చూడాలనుకోండి. అసినోకౌమరాల్ అక్కడ అమ్మరు. ఆర్నిడజోల్ కూడా అమ్మరు. పేరే లేనప్పుడు హెచ్చరిక ఎక్కడిది? తొందరలో ఉన్న డాక్టర్ ఆ మౌనాన్ని ‘ఏమీ లేదు’ అని చదువుకుంటాడు. మన దగ్గర రోజూ రాసే గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, అసెక్లోఫెనాక్, ఎటొరికాక్సిబ్, డాంపెరిడోన్‌లదీ అదే పరిస్థితి, అక్కడ అనుమతి ఉన్న మందులు కావవి. ప్రస్తుతానికి ఒక దారి ఉంది: పేరు దొరకకపోతే దాని దగ్గరి బంధువును కొట్టాలి. అసినోకౌమరాల్‌కి బదులు వార్‌ఫరిన్, ఆర్నిడజోల్‌కి బదులు మెట్రోనిడజోల్. ఎర్ర హెచ్చరిక వెంటనే వస్తుంది. అయితే సంచిలోని ‘ఓజెడ్’ లోపల ఆర్నిడజోల్ ఉందని ముందు తెలియాలి కదా. అది చెప్పాల్సింది మన జాబితా.

ఫోన్ చూస్తే రోగికి నమ్మకం పోతుందని, ఈ డాక్టర్‌కి ఏమీ తెలియదనుకుంటాడని పెద్ద డాక్టర్లు అంటారు. ప్రతి రెండు మందులకీ ఏదో హెచ్చరిక మోగుతుంటే చివరికి అన్నిటినీ కొట్టేయడం అలవాటవుతుందని కూడా అంటారు. రెండో మాట నిజం, హెచ్చరికల్లో ప్రాణం తీసేవాటిని వేరుచేసి చూపాలి. మొదటిదానికి జవాబు తేలిక. ఫోన్‌ని బల్ల కింద పెట్టుకుని చూస్తే అనుమానం వస్తుంది. తెర రోగి వైపు తిప్పి, ‘మీ వాల్వు మాత్రతో ఈ విరేచనాల బిళ్ల పడదమ్మా, చూడండి’ అంటే ఆవిడ ఆ పేరు ఇంటికెళ్లాకా మరచిపోదు.

అసలు రోగం బ్రాండ్ పేర్లలో ఉంది. కీళ్లవాతానికి మందు వాడే మనిషి సంచిలో ఫోలిట్రాక్స్, ఫోల్‌వైట్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ యాసిడ్, మిగతా రోజుల్లో వేసుకునేది. రెండూ ‘ఫోల్’ అనే మొదలవుతాయి. తారుమారైతే మెథోట్రెక్సేట్ రోజూ పడుతుంది, నోరంతా పూస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. ఒకేలా వినిపించే మందుల పేర్ల ప్రమాదాన్ని సుప్రీంకోర్టు 2001లోనే ఫాల్సిగో, ఫాల్సిటాబ్ కేసులో గట్టిగా చెప్పింది. వేరే సరుకుల పేర్లకంటే మందుల పేర్లను కఠినంగా పరీక్షించాలంది. 2019లో, తన బ్రాండ్ పేరు మార్కెట్‌లో ఇంకెవరిదీ కాదని కంపెనీ హామీ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. కంపెనీ ఇచ్చే హామీని సరిచూడాలంటే దేశంలోని బ్రాండ్లన్నీ ఒక్కచోట ఉన్న రిజిస్టరు ఉండాలి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లు బ్రాండ్ కాకుండా మందు అసలు పేర్లే, అంటే జనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది.

ఇది చేతకాని పని కాదు. బ్రాండ్ పేరు కొడితే ధర చూపే ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌ని 2016లోనే కేంద్రం తెచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ లేదా బార్ కోడ్ తప్పనిసరి చేసింది, అందులో జనరిక్ పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ ఏ మందు ఎంత, ఎలా వాడాలో చెప్పే జాతీయ ఫార్ములరీ ప్రచురిస్తుంది: నాలుగో కూర్పు 2011లో, ఐదోది 2016లో. ఐదేళ్లకోసారి వచ్చే పుస్తకంతో మందుల మార్కెట్‌ని అందుకోలేం. బ్రిటన్‌లో ఫార్ములరీ పుస్తకం ఆరు నెలలకోసారి వస్తుంది, యాప్ నెలనెలా మారుతుంది. ధర చెప్పే యాప్, కోడ్ చెప్పే పేరు, ఫార్ములరీ చెప్పే డోసు, ఈ మూడింటినీ కలిపి కుడితే చాలు. సిగ్నల్ లేని వార్డులోనూ పనిచేయాలి. కోడ్ 300 బ్రాండ్లతో ఆగకూడదు. ప్రైవేటు ఉచిత యాప్‌లకు డబ్బు ఎక్కువగా మందుల కంపెనీల సందేశాల నుంచే వస్తుంది కాబట్టి ఇందులో ఒక్క ప్రకటనా ఉండకూడదు. రోగికి ఇచ్చే సూచన తెలుగులోనూ తమిళంలోనూ రావాలి, సెంట్రల్ స్టేషన్ ఎదుటి పెద్దాసుపత్రికి వచ్చే తెలుగువాళ్లు తక్కువేం కాదు.

అది వచ్చేలోగా మెడికల్ షాపులు ఒకటి చేయొచ్చు. కోసిన ముక్కను వేసి ఇచ్చే చిన్న కాగితపు కవరు మీద పొద్దున, సాయంత్రం అని గీతలు పెడతారు కదా, ఆ గీతల పైన మందు జనరిక్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఎక్స్‌పైరీ ఎప్పుడో రాయాలి. స్ట్రిప్పు కోసేటప్పుడు ఎక్స్‌పైరీ ముద్రించిన అంచు వైపు నుంచి కాకుండా రెండో వైపు నుంచి కోయాలి.