తీసేముందు ఒక్క ఫోటో అయినా తీయాలి కదా!

పొద్దున్నే ఎవరో ఒక వీడియో పంపారు. మధ్యాహ్నం దాటింది, నాకు కోపం ఇంకా తగ్గలేదు. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి, ఇవాళ రాయకుండా ఉండలేను.

వానలకు కోసుకుపోయిన వాగు గట్టు. అందులోంచి సగం బయటికొచ్చిన రాయి. ఆదిమానవులు చెక్కిన చేతిగొడ్డలి (పిడి లేకుండా చేత్తో పట్టుకునే రాతి పనిముట్టు) అని చూడగానే తెలిసిపోతోంది. బాదంగింజ ఆకారం, రెండు వైపులా పెచ్చులు లేపిన గుంటలు, అంచున ఇంకా పదును. మిగతా సగం మట్టిలోనే ఉంది! ఆ మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి పెకలించాడు. బాటిల్ నీళ్ళు పోసి కడిగాడు. చొక్కాకి తుడిచాడు. "పది లక్షల ఏళ్ళ నాటిది ఫ్రెండ్స్, కార్బన్ డేటింగ్‌కి పంపిస్తున్నా" అన్నాడు. కింద వేల లైకులు, వందల చప్పట్లు.

ఎన్నిసార్లు మొత్తుకోవాలండీ? కార్బన్ డేటింగ్ రాయికి చేయరు. ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికి చేస్తారు: బొగ్గు, ఎముక, కట్టె. అది కూడా 50,000 ఏళ్ళ దాకానే. అంతకు మించితే కొలవడానికి కార్బన్-14 (కాలంతోపాటు తరిగిపోయే ఒక రకం కార్బన్) దాదాపు మిగలదు. పోనీ ఆ రాయి ఎప్పుడు ఏర్పడిందో తేల్చారనుకోండి, ఏం లాభం? కోట్ల ఏళ్ళ నాటి రాతిని నిన్న చెక్కినా అదే వయసు వస్తుంది. మనకు కావాల్సింది మనిషి దాన్ని ఎప్పుడు చెక్కి పడేశాడన్నది. అది చెప్పేది చుట్టూ ఉన్న మట్టి. ఆ మట్టినే కదా బాటిల్ నీళ్ళతో కడిగి పారబోశాడు!

మట్టి వయసెలా చెబుతుందంటారా? ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువులకు ఎండ తగిలితే లోపలి గడియారం సున్నాకి వస్తుంది. మీద మట్టి కప్పాక, చుట్టూ ఉన్న రేడియోధార్మికత వల్ల ఏడాదికింత చొప్పున శక్తి పోగవుతుంది. ల్యాబ్‌లో వాటి మీద కాంతి పడితే ఆ శక్తి సన్నని వెలుగుగా బయటికొస్తుంది. ఆ వెలుగు కొలిచి, ఎండ మొహం చూసి ఎన్నేళ్ళయిందో లెక్క కడతారు. అందుకే గట్టులోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, రెండు చివరలూ మూసి, చీకటి గదిలో ఎర్ర దీపం కింద తెరుస్తారు. ఇంత జాగ్రత్త పడేది గుప్పెడు ఇసుక కోసం. ఆ గుప్పెడు ఏ పొరది, రాయి ఆ పొరలోనే ఉందా అన్నది తెలియకపోతే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

రాయినే నేరుగా కొలిచే పద్ధతి లేదా అని అడుగుతారు. ఉంది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం చేసింది అదే. రాయి నేల మీద ఉన్నప్పుడు అంతరిక్ష కిరణాల వల్ల అల్యూమినియం-26, బెరిలియం-10 అనే అణువులు అందులో పుడతాయి, మట్టిలో పూడాక తరిగిపోతాయి. పనిముట్ల క్వార్ట్జ్‌లో అవి ఎంత మిగిలాయో కొలిచి, మట్టి పొరల్లో నిలిచిపోయిన భూ అయస్కాంత దిశ కూడా చూసి, ఆ పనిముట్లు కనీసం 10.7 లక్షల ఏళ్ళవని, సగటున 15 లక్షల ఏళ్ళ దాకా వెళ్తాయని 2011లో ప్రకటించారు. అయితే ఆ లెక్కకీ రాయి ఎంత లోతులో పూడి ఉందో, మీద ఏ పొరలున్నాయో తెలియాలి. వాళ్ళు ఏళ్ళ తరబడి పొర పొరా తవ్వారు. 1863లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ చూసిన చోటు అది. వయసు తేలడానికి దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది. మనవాడికి నలభై సెకన్లు చాలింది.

అంత జాగ్రత్తగా చేసినా తప్పులు జరుగుతాయి. కెన్యాలో కూబీ ఫోరా దగ్గర 1969లో పనిముట్లు బయటపడ్డాయి. అవి ఉన్న అగ్నిపర్వత బూడిద పొర 26 లక్షల ఏళ్ళదని మొదట లెక్క కట్టారు. ఏళ్ళ తరబడి గొడవలు. అక్కడి పందుల శిలాజాలను వయసు తెలిసిన వేరే చోట్ల వాటితో పోలిస్తే ఆ లెక్కకి కుదరలేదు. చివరికి సుమారు 19 లక్షలే అని తేలింది. పొర అక్కడే ఉంది కాబట్టి మళ్ళీ వెళ్ళి నమూనాలు తెచ్చి దిద్దుకోగలిగారు. పెకలించిన రాయికి ఆ అవకాశం కూడా ఉండదు.

అసలు నా కోపం ఈ కుర్రాడి మీద అంత లేదేమో. అతనికి ఎవరు చెప్పారు గనక? చెప్పాల్సినవాళ్ళే ఇంతకంటే ఘోరం చేయడం నేను కళ్ళారా చూశాను. చదువుకునే రోజుల్లో మొదటిసారి సర్వేకి వెళ్ళాం. మట్టంతా కొట్టుకుపోయి రాళ్ళు తేలిన నేల. "మంచివి ఏరండి, ముక్కలు వదిలేయండి" అన్నాడు పెద్దాయన. అందమైన చేతిగొడ్డళ్ళన్నీ గోనెసంచిలోకి. ఏది ఎక్కడ దొరికిందో రాసినవాడు లేడు. నా కాళ్ళ దగ్గర గోరంత పెచ్చులు కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, అక్కడి నుంచి నీళ్ళలో అలల్లా గీతలు. వాగు కొట్టుకొచ్చి పడేసినవైతే అంత సన్నవి అలా ఒక్కచోట ఉండవు. ఎవరో అక్కడే కూర్చుని చెక్కారు! చూపిస్తే "పారెయ్, అది చెత్త" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు. ఆ గొడ్డళ్ళు ఇప్పటికీ ఒక అద్దాల బీరువాలో ఉన్నాయి. ఊరి పేరు లేదు, పొర లేదు, నంబర్లు చెరిగిపోయాయి.

వాన బయటపెట్టినదాన్ని వానే కొట్టుకుపోతుంది, అలా వదిలేయమంటారా అని కొందరు వస్తారు. వదిలేయమని ఎవరన్నారు? చేయి వేయకముందు పక్కన పెన్నో నాణెమో పెట్టి ఫోటో తీయండి. గట్టు మొత్తం పడేలా ఇంకోటి తీయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి పురావస్తు శాఖకి చెప్పండి. ఐదు నిమిషాల పని.

ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. "తమ్ముడూ, తిట్టడానికి కాదు. రాయి తీసిన గుంట ఇంకా ఉంటే, మళ్ళీ వాన పడేలోపు వెళ్ళి ఫోటో తీసి పంపు. లొకేషన్ కూడా" అని. ఇంకా చూడలేదు. ఇక్కడ ఎవరికైనా అతను తెలిస్తే దయచేసి ఈ మాట చెప్పండి.