విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంటి గడప గారికి

మహారాజశ్రీ గడప గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇచ్చట మేమంతా క్షేమం. తమరూ ఇచ్చటే ఉన్నారు గనక తమరి క్షేమం రోజుకి పదిసార్లు కాలి బొటనవేలితో తెలుసుకుంటూనే ఉన్నాం.

వ్రాయునదేమనగా, మా అమ్మమ్మకి బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ కొన్నాం. ముందుగా తమరితో ఒక మాట అనకపోవడం మా తప్పే. చుట్టాలందర్నీ అడిగాం, తమర్ని అడగలేదు. (అమ్మమ్మనీ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.)

మూడు వారాలు వెతికాం. సూర్యారావుపేటలో సర్జికల్ షాపు మెట్లెక్కుతూనే మావయ్య వేసిన మొదటి ప్రశ్న, "మైలేజీ ఎంతిస్తుంది?" ఒకసారి ఛార్జింగ్ పెడితే 20 కిలోమీటర్లు అన్నాడు షాపతను. మావయ్య మొహం వెలిగిపోయింది. మా హాల్లోంచి వరండాకి 14 అడుగులు. డల్లాస్ బావ వీడియో కాల్లో లిథియం బ్యాటరీయే కావాలని పట్టుబట్టాడు. బరువు తక్కువ, కుర్చీ మడతపడుతుంది, బ్యాటరీ సామర్థ్యం 300 వాట్‌అవర్లు దాటకపోతే విప్పి విమానంలో కూడా తీసుకెళ్ళనిస్తారు అన్నాడు. అమ్మమ్మ ఆఖరిసారి ఎక్కింది షేర్ ఆటో. గుంటూరు పిన్ని మాత్రం మెరూన్ రంగు ఉందా అని ఒకటే అడిగింది. లెడ్ యాసిడ్ బ్యాటరీది చవకగా వస్తుంది గానీ, దాన్ని ఎత్తాలంటే బండకి తాడు కట్టినట్టే. అందుకని లిథియందే తీసుకున్నాం. విమానం సంగతెలా ఉన్నా ఈ విషయంలో బావ మాట సబబే.

ఇంత చర్చలో టేపు పట్టుకుని ఇంట్లో ద్వారబంధాలు కొలిచిన నాథుడు ఒక్కడూ లేడు.

కుర్చీ వచ్చిన రోజు వరండాలో కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి అమ్మమ్మని కూర్చోబెట్టారు. జాయ్‌స్టిక్ ముందుకి తోసింది. నిమ్మకాయలు చితికాయి, కుర్చీ గుయ్యిమని కదిలింది, తమరి దగ్గరికొచ్చి ఆగింది. ముందు చక్రాలు అరచేయంత. తమరేమో నాలుగంగుళాల టేకు. సైకిలు చక్రానికి గులకరాయిగా కనపడేది అరచేతి చక్రానికి కొండ. నలుగురం వెనకనుంచి తోశాం. వెంట్రుకవాసి కదల్లేదు. జాయ్‌స్టిక్ వదిలితే మోటారు బ్రేకు తనంతట తనే పడిపోతుందట. చేత్తో తోయాలంటే వెనక చక్రాల దగ్గరుండే లీవరు తిప్పాలట. షాపతను ఈ ముక్క ఫోన్లో చెప్పేసరికి మావయ్య నడుం పట్టేసింది.

"వీడికీ ఒకటి కొనండర్రా," అంది అమ్మమ్మ.

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ అనే ఇంజనీరు ఇలాంటి మోటారు కుర్చీ తయారుచేశాడట. ఆయన యుద్ధాన్ని లెక్కలో వేసుకున్నాడు గానీ మా టేకు గడపని వేసుకోలేదు.

తమరు ఇంటికి కాపలా అంటారు. మరి 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు ఏం చేశారు స్వామీ? కిటికీల దాకా నీళ్ళు. ఫ్రిజ్ హాల్లో పడవలా తిరిగింది. తమరు అడుగున హాయిగా నానుతూ పడుకున్నారు. బురద కడిగాక మొదటి పసుపు మళ్ళీ తమరికే! ఎన్నికలొస్తే గడపగడపకీ అంటూ అన్ని పార్టీలవాళ్ళూ తమర్ని దాటుకునే లోపలికొచ్చారు. బొద్దింకలకీ తలుపు బార్లానే. 82 ఏళ్ళ మనిషి ఒక గజం దాటతానంటేనే తమరికి పౌరుషం పొడుచుకొస్తుంది. ఆవిడ మోకాళ్ళు పోయాక తమరికి వంగి పసుపు రాసే దిక్కు లేక బీసెంట్ రోడ్డులో పసుపుపచ్చ స్టిక్కరు కొని అంటించాం, చూసుకున్నారా?

వడ్రంగి వచ్చి "కోసేద్దాం, అరగంట పని," అన్నాడు. "గడప లేని ఇంట్లో లక్ష్మి ఉంటుందా?" అని పెద్దమ్మ రంపానికి అడ్డం నిలబడింది. సిద్ధాంతి గారికి ఫోన్ చేస్తే ఆషాఢం శూన్యమాసం, శ్రావణం రానీ అన్నారు. పోనీ ర్యాంపు వేద్దామంటే, అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల వాలు ఉండాలని మన దేశపు మార్గదర్శకాలు. తమరి నాలుగంగుళాలకి నాలుగడుగులు, సరే. వరండా ముందు మెట్లు మూడు కలిపి 18 అంగుళాలు, అంటే 18 అడుగుల వాలు. మా వీధే 20 అడుగులు. అమ్మమ్మ నేరుగా ఎదురింటివాళ్ళ తులసికోట దగ్గర దిగుతుంది. తమరి తమ్ముడు బాత్రూం గడప సంగతి ఇంక ఎత్తను. అక్కడ ద్వారబంధం 24 అంగుళాలు, కుర్చీ 25.

ఆఖరికి వడ్రంగి తమరి మీదుగా ఒక చెక్క వంతెన చేశాడు. నడుమ బల్లపరుపు, అటూ ఇటూ వాలు, రాత్రిపూట తీసి గోడకి ఆనించుకోవచ్చు. లోపలి వాలు కోసం దివాను కాట్ బెడ్‌రూంలోకి పోయింది. పిల్లలు దానికి కనకదుర్గ వారధి అని పేరు పెట్టారు.

తమరికి గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు తమరి మీద కూర్చుంటే అమ్మమ్మ వీపు విమానం మోత మోగించేది. "సంధ్యవేళ గడప మీద కూర్చుంటార్రా? నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చింది అక్కడే!" అనేది.

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆవిడే వాలెక్కి, సరిగ్గా తమరి నెత్తి మీదకొచ్చి జాయ్‌స్టిక్ వదిలేసింది. టక్కున బ్రేకు పడింది. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నాం. "సంధ్యవేళ! గడప మీద!"

"నేను కూర్చుంది కుర్చీలోరా. గడప మీద కాదు," అంది. కాసేపు అటూ ఇటూ చూసుకుని, "ఇక్కణ్ణుంచి సీరియలూ కనపడుతోంది, వీధీ కనపడుతోంది. టీ ఇక్కడికే పట్రండి," అంది.

ఇట్లు,
ప్రస్తుతం పెరటి గుమ్మంలోంచి తిరుగుతున్న
తమరి విధేయుడు